సన్నిబాబు కారులో ఆయిల్ వేడి

కరోనా తగ్గి షోరూములు మళ్ళీ కళకళలాడిన ఏడాది, జూన్ నెలలో నన్ను విశాఖపట్నం గోపాలపట్నంలో, హైవే పక్కనున్న ఒక విదేశీ కార్ల సర్వీస్ సెంటరుకు వర్క్స్ మేనేజరుగా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. వర్క్స్ మేనేజరంటే పెద్ద హోదా అనుకోనక్కర్లేదు. ముందు అద్దాల గదిలో కూర్చుని కస్టమర్లతో మాట్లాడేవాడు సర్వీస్ అడ్వైజరు, వెనక షెడ్డులో బండి విప్పేవాడు టెక్నీషియను, వాళ్ళిద్దరి మధ్య ఏది చెడినా తిట్లు తినేవాడు వర్క్స్ మేనేజరు. బండి గేటు దాటి బయటికి వెళ్ళేముందు చివరి సంతకం నాది.

మా పనిలో మొదటి నియమం ఒకటుంది. కస్టమరు చెప్పిన జబ్బును కస్టమరు మాటల్లోనే జాబ్ కార్డులో రాయాలి. మన తెలివి అందులో కలపకూడదు. 'ఇంజన్ వేడెక్కుతోంది' అన్నాడనుకోండి, నీళ్ళ వేడా, ఆయిల్ వేడా అన్నది మనం పరీక్షించి తేల్చుకోవాలే గాని, ముందే ఊహించి రాయకూడదు. సన్నిబాబు మా దగ్గరికి వచ్చిన రోజు అడ్వైజరు కుర్రాడికి ఆ తేడా చెప్పాల్సిన అవసరమే రాలేదు. 'నీళ్ళ ముల్లు బాగానే ఉంది. ఆయిల్ ముల్లే కొండెక్కేటప్పుడు పైకెళ్ళిపోతంది' అని ఆయనే తేల్చి చెప్పాడు.

ఆయనకు గాజువాకలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఇనుప దూలాలు, మెట్లు, ట్యాంకులు కట్టి ఫ్యాక్టరీలకు ఇస్తాడు. పుట్టింది శృంగవరపుకోట పక్కన ఒక రైతు ఇంట్లో. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. ఆయన కారు హైదరాబాదులో ఎవరో వాడి అమ్మిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఇంజన్ వెనక ఉంటుంది. గేర్లు చేత్తో వేసుకోవాల్సిన రకం. అలాంటి కారుకు గాజువాకలో ఏం పని అని మా షెడ్డులో నవ్వుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. గాజువాక జంక్షన్లో షేర్ ఆటోల మధ్య ఆ కారు కదలడమే గగనం.

స్పోర్ట్స్ కార్లలో ఆయిల్ సంగతి కొంచెం చెప్పాలి. మామూలు కారులో ఇంజన్‌ను చల్లబరిచే పనంతా దాదాపు నీళ్ళదే. వేగంగా తిరిగే పెద్ద ఇంజన్లలో ఆయిల్ కూడా సగం బరువు మోస్తుంది. అందుకే ఆయిల్‌కు వేరే కూలర్లుంటాయి. ఈ కారులో అవి ముందు బంపరులో, రెండు పక్కలా ముక్కుపుటాల్లా ఉండే కంతల వెనక ఉంటాయి. బండి పరిగెడితే గాలి ఆ కంతల్లోంచి దూరి కూలరు రెక్కల మధ్యగా పోయి ఆయిల్‌ను చల్లబరుస్తుంది. ముల్లు నూరు, నూట పది డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం. నూట ముప్పై దాటితే ఆయిల్ పలచబడుతుంది, బేరింగులు అరుగుతాయి. అక్కడితో ఆగకుండా నడిపితే ఇంజన్ మీద ఆశ వదులుకోవాలి. సన్నిబాబుకు అది తెలుసు. ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే పక్కకు ఆపేసేవాడు.

పద్ధతి ప్రకారం అన్నీ చేశాం. సమతలంలో నిలిపి ఆయిల్ మట్టం చూశాం. ఆయిల్ రకం సరైనదే. ముల్లు అబద్ధం చెబుతోందేమోనని సెన్సారు మార్చాం. ఫ్యాన్లు తిప్పి చూశాం. బంపరు విప్పి కూలర్లు చూశాం. అవి తోమిన కంచంలా ఉన్నాయి. గాజువాక నుంచి వచ్చే ఏ కారుకైనా ఆ రెక్కల మధ్య నల్లటి దుమ్ము, ఉప్పుగాలి కలిసి పొలుసు కట్టి ఉంటుంది. దీనికి లేదు. 'శుభ్రం' అని టిక్కు పెట్టి సంతోషించాం. తర్వాత నేనే స్వయంగా సింహాచలం కొండ రోడ్డు మీద, ఆపైన భీమిలి రోడ్డు మీద తోలాను. ముల్లు నూట ఐదు దాటలేదు. బండి తిరిగి ఇచ్చేశాం.

వారం తిరక్కుండా ఫోను. మళ్ళీ అదే. ఆయన తన ఫోనులో తీసిన వీడియో పంపాడు, ముల్లు నూట ముప్పై ఐదు దగ్గర వణుకుతోంది. మా డ్రైవరు గాజువాక వెళ్ళి బండి తెచ్చాడు. మళ్ళీ తోలాం. మళ్ళీ బుద్ధిమంతురాలే. పంటినొప్పి వాడు డాక్టరు గుమ్మం ఎక్కగానే నొప్పి తగ్గిందంటాడు చూడండి, బండ్లలోనూ ఆ రకం ఉంటాయి. అలాంటి బండి వస్తే మెకానిక్కుకు కస్టమరు మీద అనుమానం పుడుతుంది. తోలడం రాదనో, ఊరికే భయపడుతున్నాడనో అనుకుంటాడు. మా ఫ్లోర్ సూపర్‌వైజరు ఆ మాట నా చెవిలో వేశాడు కూడా.

రెండోసారి బండి తీసుకోవడానికి సన్నిబాబు తనే వచ్చాడు. సంతకం పెట్టేటప్పుడు ఎడమచేత్తో కాగితం అదిమి పట్టుకోలేకపోయాడు. కాగితం జారిపోయింది. అడ్వైజరు కుర్రాడు పట్టుకున్నాడు. నేను చూశానని ఆయన చూశాడు. నా గదిలోకి వచ్చి కూర్చుని సంగతి చెప్పాడు. నరాలు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేసే జబ్బు. ఎడమచేతి వేళ్ళతో మొదలైంది, ఇప్పుడు ఎడమ పాదానికి దిగుతోంది. సీతమ్మధారలో డాక్టరుకు చూపించాడు, హైదరాబాదులోనూ చూపించాడు. రెండుచోట్లా ఒకటే మాట, మందు లేదు. ఎడమ పాదమంటే క్లచ్ తొక్కే పాదం.

'ఆటోమేటిక్ కారు తీసుకోవచ్చు కదా' అన్నాను. ఎంత తెలివితక్కువ సలహానో అన్నాక తెలిసింది. ఆయన కోప్పడలేదు. చిన్నప్పుడు లారీ మీద క్లీనరుగా పనిచేశాడట. శృంగవరపుకోట దాటాక వచ్చే అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు పాత లారీలు ప్రతి మలుపులో కుతకుతా ఉడికి ఆగిపోయేవి. క్లీనరు దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి, డబ్బాతో నీళ్ళు తెచ్చి పోయాలి, చల్లారేదాకా కూర్చోవాలి. రాయి పెట్టడం ఆలస్యమైతే లారీ వెనక్కి జారుతుంది. అలా జారి తనతోటి క్లీనరొకడు పోయాడని చెప్పాడు.

"నాను ఆ గాటీలో సక్రాల కింద రాళ్ళెట్టినోణ్ణి సారూ. ఓ పాలి ఎక్కడా ఆగకుండా, నా సేత్తో తోలుకుని పైకెక్కాలి. అందుకే కొన్నాను ఇది. కాలు పోయేలోగా సేసి పెట్టండి. ఇంకేటీ అడగను."

ఆ రోజు నుంచి షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఆయిల్ థర్మోస్టాటు అనే చిన్న తలుపు ఉంటుంది. ఆయిల్ వేడెక్కాక దాన్ని కూలరు వైపు వదిలేది అదే. అది ఒక్కోసారి బిగుసుకుపోతుందేమోనని కొత్తది తెప్పించమన్నాను. విదేశం నుంచి రావాలి. రోజూ పార్ట్స్ విభాగం వాళ్ళ ప్రాణం తీశాను. వర్షాలు మొదలై, ముదిరి, తగ్గుముఖం పట్టాయి గాని ఆ పార్టు రాలేదు. ఈలోగా ఆయన రెండుసార్లు ఘాట్‌కు వెళ్ళి, రెండుసార్లూ కింది మలుపుల్లోనే ఆపేసి, వేడి చల్లారేదాకా గట్టు మీద కూర్చుని వెనక్కి వచ్చాడు. ఎప్పుడూ కసురుకోలేదు. ఫోనులో 'వచ్చిందా సారూ' అని అడిగేవాడు, రాలేదంటే 'సరే' అనేవాడు. కసురుకునే కస్టమరైతే నాకు నిద్ర పట్టేది.

పార్టు వచ్చింది, వేశాం. జబ్బు పోలేదు. ఇక బండిలో ఒక రికార్డరు పెట్టి పంపాను. కూలరులోకి వెళ్ళే ఆయిల్ ఎంత వేడిగా ఉంది, బయటికి వచ్చేది ఎంత వేడిగా ఉంది అని నడిచినంతసేపూ అది రాసుకుంటుంది. తిరిగొచ్చాక చూస్తే ఘాట్ దాకా కూడా అక్కర్లేదు, ఇంటి నుంచి బయల్దేరి హైవే ఎక్కినప్పటి నుంచే కూలరులోకి ఎంత వేడిగా వెళ్ళిందో దాదాపు అంతే వేడిగా బయటికొచ్చింది. అంటే కూలరుకు గాలి తగలడం లేదు. మేం తోలినప్పుడేమో తగులుతోంది. బండి ఒకటే, హైవే ఒకటే, గాలీ ఒకటే. తేడా ఎక్కడుందంటే ఆయన ఇంటికీ మా గేటుకీ మధ్యే ఉండాలి. బండిని తిరిగి పంపేసి, మర్నాడు పొద్దున్నే, ఫోను చేయకుండా గాజువాక వెళ్ళాను.

ఇల్లు షెడ్డు వెనకే. ఆ వీధిలో ప్రతి కిటికీకి పాత చీర ముక్క తడిపి కట్టి ఉంది. గాలికి నల్లటి దుమ్ము వచ్చి పడే పేటల్లో ఆడవాళ్ళు అలా చేస్తారు. తడి గుడ్డ దుమ్మును పట్టేస్తుంది, సాయంత్రం విప్పి ఉతికి ఆరేస్తారు. మా అమ్మ కూడా కట్టేది. పోర్టికోలో కారు ముందు చిన్న పీట వేసుకుని సన్నిబాబు భార్య పైడితల్లమ్మ కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ బకెట్టు. నల్లటి వాయిలు చీర ముక్కను నీళ్ళలో ముంచి, పిండి, బంపరు కంతలో చెయ్యిపెట్టి కూలరు ముందు పరిచి, దారంతో లోపలి కమ్మీలకు ముడివేస్తోంది. బయటి నుంచి చూస్తే అక్కడ గుడ్డ ఉందని తెలియదు. లోపలా నలుపే, గుడ్డా నలుపే.

నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. ఆమె తలెత్తి చూసింది.

"అలా సూత్తన్నారేటి బాబూ? దుమ్ముకి కడతన్నాను. ముందు రోజూ ఆయనే తుడుసుకునేవోరు. ఇప్పుడు ఆ సందుల్లోకి ఏళ్ళు రావట్లేదు ఆయనకి. దుమ్ము అలా సూసుకుంటా కూసుంటన్నారని నాను కడతన్నాను."

మరి మా దగ్గరికి వచ్చినప్పుడు ఎప్పుడూ లేదే అని అడిగాను. ఆమె సిగ్గుపడింది. బండి మీ దగ్గరికి వస్తుందని తెలిస్తే ముందే గుడ్డ విప్పేసి, లోపల సబ్బునీళ్ళతో తుడిచి, బండి కడిగి పెడతానంది. అంత ఖరీదైన బండికి పాత చీర కట్టారని షోరూం వాళ్ళు నవ్వరూ అంది. పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు ముస్తాబు చేసి పంపేది ప్రతిసారీ. ఆ శుభ్రం చూసే మేం టిక్కు పెట్టింది. మేం పద్ధతి తప్పలేదు. పద్ధతిలో ఆ ప్రశ్న లేదు, అంతే. ఆ క్షణంలో నాకు ఆమె మీద కోపం రాలేదు, నా వృత్తి మీద వచ్చింది.

లోపలికి వెళ్ళి సన్నిబాబుకు చెప్పాను. ఇనుముతో బతికినవాడు, సగం మాటలోనే అర్థమైపోయింది. గుడ్డ కడుతున్న సంగతి ఆయనకు తెలుసు. దుమ్ము పట్టే గుడ్డే గాలినీ పట్టేస్తుందని తట్టలేదు. తడి మీద దుమ్ము పడి ఆరితే అది గుడ్డ కాదు, గోడ. బయట ఆమె బకెట్టు పారబోసిన చప్పుడు వినిపించింది.

"మా ఇంటిదానికి సెప్పకండి సారూ. తెలిస్తే బతికున్నన్నాళ్ళూ అదే తలుసుకుంటాది. నాను పోయాక ఒక్కత్తే ఉండాలది."

చెప్పనని మాట ఇచ్చాను. ఆమెను పిలిచి ఆయనే వేరే కారణం చెప్పాడు. కంపెనీ వాళ్ళు కొత్త పార్టు వేశారట, దానికి గాలి బాగా తగలాలట, ఇంక గుడ్డ వద్దట అన్నాడు. ఆమె 'అలాగే' అంది. ఒక్క ప్రశ్న వేయలేదు. నాకు టీ ఇచ్చింది.

మర్నాడు బండిని మా యార్డుకు తెప్పించి, చివరి పరీక్ష ఆయన్నే చేయమన్నాను. సీటు ముందుకు జరిపాం. ఆయన క్లచ్ మీద పాదం పెట్టి తొక్కాడు. స్పోర్ట్స్ కార్లలో క్లచ్ గట్టిగా ఉంటుంది. సగం దిగి ఆగింది. రెండోసారి తొడ మీద చేత్తో అదిమి తొక్కాడు. అప్పుడూ సగమే. కుడిచేత్తో ఎడమకాలిని పట్టుకుని ఎత్తి పెడలు మీంచి తీసి పక్కన పెట్టాడు. 'నెల కిందట తొక్కగలిగేవోణ్ణి' అన్నాడు. అది ఫిర్యాదు కాదు, ఉన్నమాట చెప్పాడు. మా టెక్నీషియన్లు పనిలేకపోయినా పనున్నట్టు అటు తిరిగిపోయారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. యాభై దాటిన మనిషి ఒక కొండ ఎక్కాలనుకున్నాడు, ఆ కాస్త కోరిక మేం తీర్చలేకపోయాం.

ఆ ఆదివారం నేను తోలతానన్నాను. కస్టమరు బండిని సొంత పనికి తోలకూడదన్నది మా నియమం. టెస్ట్ డ్రైవ్ అని రాసి సంతకం పెట్టాను. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యే చోట ఆపి, కుడిచేయి బాగానే ఉందా అని అడిగాను. ఉందన్నాడు. మన కార్లలో పక్క సీటులో కూర్చున్నవాడి కుడిచేతికి గేర్ రాడ్ అందుతుంది. 'నేను క్లచ్ తొక్కి చెబుతాను, గేర్లు మీరు వేయండి' అన్నాను. మొదటి మలుపులో గేరు కీచుమంది, నేను చెప్పడం ఆలస్యమైంది. తర్వాత చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఇంజన్ చప్పుడు విని ఆయనే చెయ్యి సిద్ధం చేసుకునేవాడు, నా పాదం దిగేసరికి గేరు పడేది. మధ్యమధ్యలో 'ఇక్కడ ఆగేవోళ్ళం' అనేవాడు. మరో మలుపులో 'ఇక్కడ నీళ్ళుండేవి' అన్నాడు. ఒకచోట మాత్రం ఏమీ అనలేదు, కిటికీలోంచి లోయ వైపు చూశాడు. తోటి క్లీనరు పోయిన చోటు అదేనని అనుకున్నాను, అడగలేదు. ముల్లు నూట ఎనిమిది దగ్గర నిలబడింది.

పైన కాఫీ తోటల దగ్గర ఆపాను. దిగనన్నాడు. 'ఆగలేదు సారూ' అన్నాడు, అంతే. కాసేపటికి, 'నా సేత్తో సగం' అన్నాడు.

తర్వాతి ఏడాది వేసవిలో పోయాడు. అప్పటికే నేను మా జాబ్ కార్డు పద్ధతిలో ఒక ప్రశ్న చేర్పించాను. మా దగ్గరికి తెచ్చేముందు ఈ బండికి ఏమేం చేశారు, ఏం తీశారు, ఏం కడిగారు అని అడగాలి. కుర్రాళ్ళు మొదట విసుక్కున్నారు. అడగ్గా అడగ్గా తెలిసింది, ఇంటి నుంచి బయల్దేరే బండీ మా గేటులోకి వచ్చే బండీ ఒకటి కాదని. ఒకడు అదనపు లైట్లు విప్పేసి తెస్తాడు. ఒకడు డిక్కీలో బరువంతా దించి తెస్తాడు. అందరిదీ ఒకటే కారణం, మాట పడతామని.

నేను రిటైరవడానికి కొద్ది రోజుల ముందు పైడితల్లమ్మ వచ్చింది. కారు అమ్మాలట, మంచి చెడ్డా కనుక్కోవడానికి వచ్చానంది. కాగితాలన్నీ చెప్పాను. లేవబోతూ మళ్ళీ కూర్చుంది.

"నాను గుడ్డ కట్టకపోయుంటే ఆయన తోలుకుని ఎక్కేవోరా బాబూ?"

ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆ రోజు గేటు దగ్గర నా మొహం చూసినప్పుడే అర్థమైందట. ఆయన దాచాలనుకున్నాడని తెలిసి, తనకు తెలిసిపోయిందని ఆయనకు తెలియకుండా తనూ దాచిందట. చివరిదాకా ఒకరికొకరు అలాగే దాచుకున్నారు. ఇప్పుడు ఆయన లేడు, ఇంక ఈ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అంది.

చనిపోయిన మనిషికి ఇచ్చిన మాట ఒకటుంది నా దగ్గర. ఎదురుగా ఆయన భార్య ఉంది, ఆ బండికి ఇప్పుడు యజమానురాలు, కారణం అడుగుతోంది.

'ఎక్కేవారమ్మా' అన్నాను.

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు, ఏడవనూ లేదు. మంచిది బాబూ అని లేచి వెళ్ళి, బయట షేర్ ఆటో కోసం నిలబడింది. అద్దంలోంచి చూస్తూ ఉన్నాను, ఆటో వచ్చేదాకా.

ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగంలో కారణం కనిపెట్టడమే కష్టమనుకున్నాను. కనిపెట్టాక దాన్ని అడిగినవాళ్ళకు చెప్పి తీరాలి, మెత్తగా చెప్పే మార్గం అన్నిసార్లూ ఉండదు. ఆ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇదే.